ముళ్ల వాటిల్: గింజ నానబెట్టడం నుంచి పొడి పట్టడం దాకా

ఆస్ట్రేలియా లోపలి మెట్ట ప్రాంతాల్లో, ఎండిన వాగుల ఒడ్డున, ఎర్రమట్టి మైదానాల్లో బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో గింజలు వేయించి తినదగ్గ ఒక ముళ్లపొద కనిపిస్తుంది. దాని శాస్త్రీయ నామం అకేసియా విక్టోరియే. అక్కడివాళ్లు ప్రిక్లీ వాటిల్, అంటే ముళ్ల వాటిల్ అంటారు, ఎలిగెంట్ వాటిల్ అని కూడా అంటారు. 1846లో సర్వేయర్ థామస్ మిచెల్ క్వీన్స్‌లాండ్ లోపలి భాగంలో ఒక నదికి విక్టోరియా రాణి పేరు పెట్టాడు. ఆ నది దగ్గర సేకరించిన మొక్క కాబట్టి వృక్షశాస్త్రజ్ఞుడు జార్జ్ బెంథమ్ 1848లో దీనికి ఆ పేరే పెట్టాడు. నదిని ఇప్పుడు బార్కూ అంటున్నారు, మొక్క మాత్రం పాత పేరుతోనే ఉంది.

వాటిల్ అంటే అసలు తడిక. ఆస్ట్రేలియాకు వచ్చిన తొలి వలసదారులు వంగే కొమ్మలను తడికలా అల్లి, మట్టి మెత్తి గోడలు కట్టుకున్నారు. ఆ కొమ్మలిచ్చిన చెట్లకు తడిక పేరే స్థిరపడింది. మన పల్లెల్లో మట్టి మెత్తిన తడిక గోడ చూసినవారికి ఈ పేరు వెంటనే అర్థమవుతుంది.

మిల్డ్యూరా, బ్రోకెన్ హిల్, పోర్ట్ ఆగస్టా, ఆలిస్ స్ప్రింగ్స్ లాంటి ఊళ్లలో స్థిరపడి, ఇంటి వెనక ఖాళీ జాగా ఉండి, ఏం వేసినా ఎండిపోతోందని విసిగిన తెలుగువారి కోసం ఇది రాస్తున్నాం. ఈ ఊళ్లలో ఏడాది వాన సుమారు 220 నుంచి 290 మిల్లీమీటర్లు. కరవుకు పేరుపడ్డ అనంతపురంలోనే దాదాపు 550 కురుస్తుంది. అంటే అనంతపురం వానలో సగంతో బతకాల్సిన మొక్క ఇది, బతుకుతుంది కూడా. ఇక్కడ నెలలన్నీ ఆస్ట్రేలియా లెక్కలోనే చెబుతున్నాం. అక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండాకాలం, జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం.

ఒక్క మాట మొదటే మనసులో పెట్టుకోండి. ఈ మొక్క ఆకలితో చావదు, దాహంతో అంత తేలిగ్గా చావదు. ఎక్కువగా చచ్చేది మనం ప్రేమగా పోసే నీళ్లతో, వేసే ఎరువుతో. కింద చెప్పే ప్రతి దశలోనూ ఇదే లెక్క.

ముందు మొక్కను సరిగ్గా గుర్తుపట్టండి

ఆస్ట్రేలియాలో వాటిల్ జాతులు వెయ్యికి దగ్గరగా ఉన్నాయి. అన్నిటి గింజలూ తినదగ్గవి కావు. కాబట్టి గుర్తింపు దగ్గర తొందర వద్దు.

ముళ్ల వాటిల్ 2 నుంచి 5 మీటర్ల ఎత్తు పెరిగే పొద. తేమ దొరికిన చోట ఇంకా పైకి పోతుంది. లేత కొమ్మల మీద కణుపు దగ్గర జంటగా ముళ్లుంటాయి, ఒక్కొక్కటి సెంటీమీటరు దాకా పొడవు. ముదురు కొమ్మల మీద అవి చాలావరకు రాలిపోతాయి. ఆకులా కనిపించేది నిజానికి ఆకు కాదు, బల్లపరుపుగా సాగిన ఆకుకాడ. సన్నగా, 2 నుంచి 5 సెంటీమీటర్ల పొడవుంటుంది, మధ్యలో ఒకే ఈనె. ఎండకు నీటిని పోగొట్టుకోకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది. పూలు లేత పసుపు, దాదాపు వెన్న రంగు బంతులు, కొమ్మ వెంట జంటలుగా పూస్తాయి. కాయ పలచగా, కాగితంలా, చదునుగా ఉంటుంది. చిక్కుడుకాయను ఇస్త్రీ చేసి ఎండబెడితే ఎలా ఉంటుందో అలా. లోపల గుండ్రటి గోధుమరంగు గింజలు, 4-5 మిల్లీమీటర్ల వెడల్పువి.

మన కంటికి పరిచయమున్న నల్ల తుమ్మతో దీన్ని పొరబడే ప్రమాదం ఉంది. నల్ల తుమ్మ ఆస్ట్రేలియాలో కూడా ఉంది. నీడకూ గొర్రెల మేతకూ తెచ్చి పెంచిన చెట్టు క్వీన్స్‌లాండ్ గడ్డిభూముల మీద పడి, ఇప్పుడు జాతీయ స్థాయి కలుపు మొక్కల జాబితాలో ఉంది. తేడా తేలిక. నల్ల తుమ్మకు ముదిరినా చిన్న చిన్న రెక్కలున్న తుమ్మాకే ఉంటుంది, కాయ పూసల దండలా గింజ గింజకూ నొక్కుకుపోయి ఉంటుంది. ముళ్ల వాటిల్ పెద్ద మొక్కకు తుమ్మాకు ఉండదు, కాయకు ఆ నొక్కులు ఉండవు. మెస్కీట్, పార్కిన్‌సోనియా అనే మరో రెండు ముళ్ల కలుపు చెట్లకు కూడా రెక్కల ఆకులే. ముదురు కొమ్మ మీద రెక్కల ఆకు కనిపిస్తే అది మీకు కావలసిన చెట్టు కాదు, వదిలేయండి. ఇంకా అనుమానం ఉంటే పూతా కాయా ఉన్న కొమ్మను కాగితాల మధ్య నొక్కి ఎండబెట్టి, మీ రాష్ట్ర హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే సంస్థ) వాళ్లకు చూపించండి. వండుకునే ఉద్దేశం ఉంటే ఈ పని తప్పనిసరి.

గింజలు స్థానిక మొక్కల నర్సరీల్లో, విత్తన దుకాణాల్లో దొరుకుతాయి. రోడ్డు పక్కన, ప్రభుత్వ భూముల్లో కోయాలంటే అనుమతి కావాలి, నిబంధనలు రాష్ట్రానికొకటి. ప్రైవేటు భూమైతే యజమానిని అడగండి.

గింజను నిద్ర లేపడం

మొలవలేదని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. ఈ గింజ తొక్క నీటిని లోపలికి రానివ్వదు. నేలలో ఏళ్ల తరబడి అలాగే పడి ఉండి, మంటో తీవ్రమైన ఎండో తగిలాకే మెత్తబడుతుంది. బొడ్డు పక్కన చిన్న బలహీనమైన మచ్చ ఉంటుంది. వేడి తగిలితే అక్కడ బీట విచ్చి నీరు లోపలికి పోతుంది. మనం చేసేది ఆ మంట పనినే.

50 గింజలకు ఇలా చేయండి. గింజలను ఒక గిన్నెలో వేయండి, స్టీలైనా పింగాణీదైనా సరే. గింజల ఘనపరిమాణానికి పది రెట్లు నీళ్లు మరిగించి, పొయ్యి కట్టేసి, తెర్లడం ఆగగానే గింజల మీద పోయండి. మూత పెట్టకుండా అలాగే చల్లారనివ్వండి. 12 నుంచి 24 గంటలు నాననివ్వండి. గింజలను మరిగే నీళ్లలో వేసి పొయ్యి మీద ఉడికించకండి. రెండు మూడు నిమిషాలు ఉడికితే లోపలి మొలక చచ్చిపోతుంది. తొక్క మెత్తబడింది కదా అని చూడ్డానికి బాగానే ఉంటుంది, మట్టిలో మాత్రం కుళ్లుతుంది.

మర్నాడు చూస్తే కొన్ని గింజలు రెట్టింపు ఉబ్బి, రంగు పాలిపోయి ఉంటాయి. అవి సిద్ధం. ఉబ్బనివాటిని వేరుచేసి మళ్లీ అలాగే మరిగిన నీళ్లు పోయండి. తేలిన గింజలు పొల్లు, వాటిని తీసేయండి. ఉబ్బిన గింజను దాచకూడదు, అదే రోజు విత్తాలి.

పది ఇరవై గింజలే ఉంటే వేడినీళ్ల కన్నా గోళ్ల కత్తెర నయం. గింజ బొడ్డుకు ఎదురు వైపు, తొక్కను మాత్రం చిటికెడు కత్తిరించండి. లోపల తెల్లటి పప్పు కొద్దిగా కనిపిస్తే చాలు. బొడ్డు వైపు కత్తిరిస్తే మొలక తెగిపోతుంది. తర్వాత మామూలు నీళ్లలో ఒక రాత్రి నానబెట్టండి. ఈ పద్ధతిలో ప్రతి గింజనూ మీ చేత్తో చూసుకుంటారు కాబట్టి వృథా తక్కువ. ఓపిక ఉంటే మా ఓటు దీనికే.

నారు పోయడం

విత్తే కాలం జనవరి చివర నుంచి ఫిబ్రవరి. అప్పుడు విత్తితే ఏప్రిల్ చివర, మే నెలలో ఎండ తగ్గేసరికి మొక్క నాటడానికి వస్తుంది. మంచు గట్టిగా పడే ఊరైతే, అంగుళాలు మాత్రమే ఉన్న లేత మొక్క మాడిపోతుంది. అక్కడ ఆగస్టు చివర, సెప్టెంబరులో నాటేలా విత్తడాన్ని ఆలస్యం చేయండి.

కుండీ వెడల్పుగా కాదు, లోతుగా ఉండాలి. ఈ మొక్క పైకి రెండంగుళాలు లేచేలోపు తల్లివేరు అడుక్కి అరచెయ్యి పొడవు దిగుతుంది. అటవీ నర్సరీల్లో వాడే 5 సెంటీమీటర్ల వెడల్పు, 12 సెంటీమీటర్ల లోతు గొట్టాలు సరిపోతాయి. లీటరు పాల డబ్బాను అడుగున కోసి నిలబెట్టినా పని జరుగుతుంది. గుండ్రటి చిన్న కుండీలో వేరు చుట్టుకుంటుంది. అలా చుట్టుకున్న వేరు నేలలో పెట్టినా విప్పుకోదు, నాలుగో ఏట గాలికి మొక్క పడిపోతుంది.

మట్టి మిశ్రమం: ముతక వాగు ఇసుక రెండు పాళ్లు, కొబ్బరిపొట్టు ఒక పాలు, తోట మట్టి ఒక పాలు. సన్న ఇసుక వద్దు, గట్టిపడి నీళ్లు నిలుస్తాయి. పశువుల ఎరువు, కోళ్ల ఎరువు, డీఏపీ ఏదీ కలపొద్దు. భాస్వరం ఎక్కువైతే చాలా వాటిల్ జాతుల ఆకుల కొనలు మాడతాయి. ఏదైనా వేయాల్సి వస్తే స్థానిక మొక్కల కోసమని రాసి అమ్మే, భాస్వరం తక్కువున్న నిదాన ఎరువు, డబ్బా మీద రాసిన దాంట్లో సగం.

ఒకటి మాత్రం కలపండి. ఆరోగ్యంగా ఉన్న పాత వాటిల్ చెట్టు మొదట్లో, పై దుమ్ము పక్కకు తోసి, పది సెంటీమీటర్ల లోతు మట్టి గుప్పెడు తెచ్చి బకెట్ మిశ్రమంలో కలపండి. పప్పుజాతి మొక్క కాబట్టి వేరు బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులే దీనికి నత్రజని అందిస్తాయి. ఆ జీవులు పాత చెట్టు మట్టిలో ఉంటాయి, దుకాణపు సంచిలో ఉండవు. జబ్బుపడ్డ చెట్టు కింది మట్టి తేవద్దు, జబ్బు కూడా వెంట వస్తుంది.

సంచిలో అమ్మే కుండీ మట్టి వాడితే ముక్కుకు మాస్కు, చేతికి గ్లవ్స్ పెట్టుకుని, సంచిని ముఖానికి దూరంగా తెరిచి, ముందు కొంచెం నీళ్లు చిలకరించండి. ఆస్ట్రేలియాలో ఆ మట్టి దుమ్ములో ఉండే లెజియోనెల్లా అనే బాక్టీరియా వల్ల ఊపిరితిత్తుల జబ్బు రావడం నిజం. సంచి మీద హెచ్చరిక కూడా ఉంటుంది, చాలామంది చదవరు.

గొట్టానికి రెండు గింజలు, 5 నుంచి 8 మిల్లీమీటర్ల లోతున పెట్టి, పైన పలచగా ముతక ఇసుక చల్లండి. మొదటిసారి అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోయండి. ఆ తర్వాత పైపొర కాస్త ఆరాకే. జనవరి ఎండకు సగం నీడనిచ్చే షేడ్ నెట్ కింద ఉంచండి. వారం నుంచి మూడు వారాల్లో మొలుస్తాయి. రెండూ మొలిస్తే బలహీనంగా ఉన్నదాన్ని కత్తెరతో మొదటికి కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

మొలిచాక వచ్చే తొలి ఆకులు చూసి కంగారుపడొద్దు. అవి అచ్చం తుమ్మాకులా రెక్కలతో ఉంటాయి. తప్పు గింజ కొన్నామేమో అనిపిస్తుంది. కొన్ని వారాల్లో ఆకుకాడ వెడల్పవుతూ, దాని చివర రెక్కలు తగ్గుతూ, చివరికి సన్నటి బూడిదాకే మిగులుతుంది. ఒకే చిన్న మొక్క మీద రెండు రకాల ఆకులూ కలిసి ఉండే రోజులుంటాయి. తుమ్మా వాటిలూ ఒకే కుటుంబం అనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. 2005 దాకా శాస్త్రజ్ఞులు నల్ల తుమ్మను కూడా అకేసియా అనే పిలిచారు. ఆ ఏడాది వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర సమావేశం తర్వాత అకేసియా పేరు ఆస్ట్రేలియా జాతులకు ఉండిపోయి, మన తుమ్మ వాచెలియా అయింది.

మొలకలు మొదట్లో సన్నబడి, నల్లబడి, ఒరిగిపోతే అది నారుకుళ్లు. తడి ఎక్కువైంది, గాలి ఆడటం లేదు. ఒరిగినవాటిని గొట్టంతో సహా తీసేసి, మిగతావాటికి రెండు రోజులు నీళ్లు ఆపి, దూరం దూరంగా పెట్టండి. సాయంత్రం నీళ్లు పోసే అలవాటు మాని ఉదయం పోయండి. నారు ఆరు వారాలు దాటాక నెట్ తీసి నేరుగా ఎండకు అలవాటు చేయండి, మొదట ఉదయపు రెండు గంటలు, పదిరోజుల్లో రోజంతా.

నేలలో పెట్టడం

మొక్క 15 నుంచి 20 సెంటీమీటర్లు ఉండగానే నాటండి. పెద్దది నాటితే త్వరగా ఎదుగుతుందని అనుకోవడం ఇక్కడ తప్పు లెక్క. చిన్నదే వేరు దింపి, ఏడాదిలో పెద్దదాన్ని దాటిపోతుంది.

చోటు: రోజంతా ఎండ. ఎర్రమట్టి, ఒండ్రు, బంకమట్టి, సున్నపు గడ్డలున్న నేల, కొద్దిగా చౌడు నేల, అన్నీ పరవాలేదు. చాలా వాటిల్ జాతులు సున్నపు నేలలో ఆకు పసుపెక్కి కునారిల్లుతాయి. ఇది తట్టుకుంటుంది, ఎండు నేలలకు దీన్నే ఎంచుకోమనడానికి సగం కారణం అదే. నీళ్లు నిలిచే గుంట మాత్రం పనికిరాదు. నాటబోయే గోతిలో నీళ్లు నింపి చూడండి. మర్నాటికి కూడా ఇంకకపోతే చోటు మార్చండి, లేదా 30 సెంటీమీటర్ల ఎత్తు మట్టికట్ట వేసి దాని మీద నాటండి.

గింజల కోసం పెంచితే మొక్కకూ మొక్కకూ 4 మీటర్లు వదలండి. కాయలు దులపడానికి చుట్టూ పట్టా పరిచే జాగా కావాలి. దడిగా కావాలంటే 2 మీటర్లు చాలు. నడిచే దారికి, పిల్లలు ఆడేచోటుకు, బట్టలారేసే తీగకు మూడు మీటర్ల దూరం పాటించండి, ముళ్లున్నాయి. ఈ పొద వేరు తెగినచోట పిలకలు వేస్తుంది కాబట్టి కూరగాయల మడి పక్కన పెట్టొద్దు. అక్కడ తవ్విన ప్రతిసారీ కొత్త పిలక లేస్తుంది.

గొయ్యి గొట్టమంత లోతు, దానికి రెండింతల వెడల్పు. గట్టి నేలైతే అడుగును గడ్డపారతో ఇంకో అరమీటరు గుల్ల చేయండి, ఆ మట్టిని బయటికి తీయనక్కర్లేదు. నాటే ముందు మొక్కను గొట్టంతో సహా బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచండి. మొక్కను బోర్లించి, గొట్టం అంచును తట్టి తీయండి, కాండం పట్టి లాగొద్దు. అడుగున వేరు చుట్టుకుని ఉంటే ఆ చుట్టను కత్తిరించేయండి. తీసిన మట్టితోనే పూడ్చి, చుట్టూ అరమీటరు వెడల్పు పాదు చేసి, 8 లీటర్ల నీళ్లు నిదానంగా పోయండి.

చుట్టూ మీటరు దాకా గడ్డి లేకుండా చూడండి. లేత మొక్క నీళ్లను దొంగిలించేది ఎండ కన్నా గడ్డే. ముతక చెక్కపొట్టో ఎండాకో 5-7 సెంటీమీటర్ల మందం పరచండి, కాండానికి పది సెంటీమీటర్లు ఎడంగా. కుందేళ్లు ఒక్క రాత్రిలో నారంతా కొరికిపోతాయి కాబట్టి మూడు పుల్లలు పాతి చుట్టూ ప్లాస్టిక్ తొడుగో వలో కట్టడం నాటిన రోజే జరగాలి. మొక్కను కర్రకు కట్టొద్దు. గాలికి ఊగితేనే కాండం గట్టిపడుతుంది.

నీళ్ల లెక్క ఇది. మొదటి నెల వారానికి 5 లీటర్లు. తర్వాత చలికాలంలో వాన పడుతుంటే ఏమీ వద్దు, పడకపోతే మూడు వారాలకోసారి. మొదటి ఎండాకాలం రెండు మూడు వారాలకోసారి 10 లీటర్లు, ఒకేసారి, లోతుగా. రోజూ చెంబెడు పోయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. వేరు పైపొరలోనే తిరుగుతుంది, మీరు వారం ఊరెళ్తే మొక్క పోతుంది. రెండో ఎండాకాలంలో నెలకోసారి. మూడో ఏట నుంచి మానేయండి. పచ్చిక కోసం పెట్టిన స్ప్రింక్లర్ నీళ్లు పడేచోట ఈ పొద ఏపుగా, మెత్తగా పెరిగి, కొమ్మలు విరిగి, నాలుగైదేళ్లకే ముగిసిపోతుంది. సరిగ్గా పెంచితే 10 నుంచి 15 ఏళ్లు ఉంటుంది.

మధ్యలో వచ్చే ఇబ్బందులు

కత్తిరింపు తక్కువే. మోకాలెత్తు వచ్చినప్పుడు కొస గిల్లితే గుబురుగా వస్తుంది, చేతికందే ఎత్తులో కాయ కాస్తుంది. తర్వాత ఏటా కోత అయ్యాక, అదే ఏడాది వచ్చిన కొమ్మల్లో మూడో వంతు దాకా తీయవచ్చు. పూత అయిన వెంటనే కత్తిరించమని వాటిల్ పెంపకందారులు చెప్పేది అందం కోసం. మీరలా చేస్తే కాయలన్నీ చెత్తలోకి పోతాయి.

కాండం మీద రంపపుపొట్టు లాంటి పొడి, జిగురు కారడం కనిపిస్తే తొలుచు పురుగు చేరింది. కన్నంలోకి సన్నటి తీగ దూర్చి పురుగును పొడవండి, కొమ్మ సగానికి పైగా తొలిచేసి ఉంటే దాని కిందికి కోసి కాల్చేయండి. దాహంతో నీరసించిన చెట్టునూ, వయసైపోయిన చెట్టునూ ఈ పురుగు ముందు పట్టుకుంటుంది. కొమ్మల మీద గోధుమరంగు గడ్డలు లేస్తే అవి తుప్పు తెగులు వల్లనో చిన్న కందిరీగల వల్లనో వచ్చేవి. మందు కొట్టి లాభం లేదు, గడ్డలున్న కొమ్మలు తీసేయండి. బదనిక పట్టిన కొమ్మ ఒకటీ అరా ఉంటే వదిలేయొచ్చు. దాని పూలు, పండ్లు పక్షులకు మేత. చెట్టంతా పాకితేనే కోయండి.

ఆకులు పసుపెక్కితే ఎరువు వైపు చేయి పోనివ్వకండి. ముందు పాదులో వేలు పెట్టి తడి చూడండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

కోత

మొదటి గింజలు రెండు మూడేళ్లకు కనిపిస్తాయి, చెప్పుకోదగ్గ కాపు నాలుగైదేళ్లకు. దక్షిణాది మెట్టల్లో సెప్టెంబరు-అక్టోబరులో పూత, డిసెంబరు చుట్టూ కాయ పండుతుంది. వాన ఏ నెలలో పడిందన్న దాన్ని బట్టి అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి క్యాలెండర్‌ను కాదు, కాయను నమ్మండి.

కాయ గడ్డి రంగుకు మారి, ఊపితే గలగలమనాలి. పది చోట్ల నుంచి పది కాయలు విప్పి చూడండి. గింజ ముదురు గోధుమరంగులో ఉండి, గోరు దిగకపోతే పండినట్టు. పచ్చగా ఉండగా కోస్తే గింజ ఎండి ముడుచుకుపోతుంది, మొలవదు, వేయించినా రుచి రాదు. ఆలస్యం చేస్తే ఒక్క వేడిగాలికి కాయలు విచ్చుకుని గింజంతా నేలపాలు, మిగిలినవి చీమలపాలు. ఈ రెంటికీ మధ్య దొరికేది వారం, మహా అయితే రెండు వారాలు. ఆ రోజుల్లో మూడు రోజులకోసారి వెళ్లి చూడాల్సిందే.

తోలు గ్లవ్స్, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా, పొడవు బూట్లు. డిసెంబరులో పొదల కింద పాములుండే కాలం, ముందు కర్రతో తట్టి, చప్పుడు చేసి, ఆ తర్వాతే పట్టా పరవండి. నాలుగు మీటర్ల చదరపు టార్పాలిన్ పట్టాలు రెండు తీసుకుని, కాండం రెండు వైపులా పరిచి, అంచులు ఒకదాని మీద ఒకటి కప్పండి. ఉదయం చల్లగా ఉండగా మొదలుపెట్టండి, ఎండెక్కితే కాయ పెళుసై గింజలు పట్టా దాటి ఎగురుతాయి. పొడవు కర్రతో కొమ్మలను లోపలి నుంచి బయటికి తట్టండి. బలంగా బాదితే ముళ్లకొమ్మలు విరిగి కాయల్లో కలుస్తాయి, ఏరడానికి పూట పడుతుంది. ప్రతి పొద మీదా నాలుగో వంతు కాయలు వదిలేయండి. పిట్టలకూ చీమలకూ ఆ మేత తరతరాలుగా అలవాటు.

కాయలను పట్టా మీద పలచగా పరిచి, పైన షేడ్ నెట్ కప్పి, మూడు నుంచి ఐదు రోజులు ఎండబెట్టండి. నెట్ ఎందుకంటే కాయ పేలినప్పుడు గింజ రెండు గజాలు ఎగురుతుంది. తర్వాత గోనెసంచిలో పోసి, మూతి కట్టి, బూట్లతో తొక్కండి. ఇక మిగతాది మన కళ్లాల పనే: గాలికి ఎదురుగా కాక, పక్కవాటుగా నిలబడి తూర్పారబట్టండి, ఆపైన చాటతో చెరగండి. మాస్కు మరవొద్దు. ఈ కాయపొట్టు దుమ్ము గొంతులో దురద, దగ్గు తెస్తుంది. 6 మిల్లీమీటర్ల జల్లెడ పుల్లలను ఆపుతుంది, 3 మిల్లీమీటర్ల జల్లెడ దుమ్మును వదిలి గింజను ఆపుతుంది.

ఒక్కో గింజకు సూదిమొనంత కన్నం కనిపిస్తే పుచ్చు పురుగు. కనిపించనివాటిలోనూ గుడ్లుంటాయి. అందుకే బాగా ఎండిన గింజను గాలి చొరని డబ్బాలో పోసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో వారం ఉంచండి. తీశాక డబ్బా మూత వెంటనే తెరవకండి, గది వేడికి వచ్చేదాకా ఆగండి, లేకపోతే తడి పడుతుంది. విత్తడానికి ఉంచుకునేది, తినడానికి ఉంచుకునేది అప్పుడే వేరుచేసి చీటీ అంటించండి.

వేయించి పొడి పట్టడం

మధ్య ఆస్ట్రేలియా ఆదివాసులు వాటిల్ గింజలను వేడి ఇసుకలో, నిప్పుల్లో వేయించి, రాతి మీద నూరి, ముద్ద చేసో రొట్టె కాల్చో వేల ఏళ్లుగా తిన్నారు. గింజలో సుమారు ఐదో వంతు మాంసకృత్తులే. ఇవాళ ఆస్ట్రేలియాలో వాటిల్ సీడ్ పేరుతో అమ్మేదాంట్లో ముళ్ల వాటిల్‌దే ముఖ్య స్థానం. పచ్చి గింజను పొడి చేసి తినకండి. పప్పుల్లో ఉన్నట్టే దీనిలోనూ జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలుంటాయి, వేడి వాటిని తగ్గిస్తుంది. శనగ, వేరుశనగ, సోయా పడనివారు దీనికి దూరంగా ఉండటమే మేలు.

200 గ్రాముల గింజలను నీళ్లలో వేసి కలిపి, తేలినవి పారబోసి, మిగతావి బట్ట మీద పూర్తిగా ఆరబెట్టండి. మందపాటి ఇనుప బాణలిని మధ్యస్థ మంట మీద వేడి చేసి, గింజలు ఒక్క పొరగా పడేలా వేయండి. చెక్క గరిటెతో ఆపకుండా తిప్పండి. నాలుగైదు నిమిషాలకు చిటపట మొదలవుతుంది, కొన్ని ఎగురుతాయి, చిల్లుల మూత అడ్డం పెట్టుకోండి. మొత్తం 8 నుంచి 12 నిమిషాలు. మొదట పచ్చి పప్పు వాసన, తర్వాత వేరుశనగ వేగిన వాసన, చివరికి కాఫీ గింజ వాసన వస్తుంది. మూడో వాసన రాగానే దించి, వెంటనే వెడల్పు పళ్లెంలో పోయండి. బాణలిలోనే వదిలితే దాని వేడికే మాడి చేదెక్కుతుంది. సమంగా వేగాలంటే మరో దారి మనకు తెలిసిందే: బాణలిలో గిద్దెడు శుభ్రమైన ముతక ఇసుక కాచి, అందులో గింజ వేసి తిప్పి, ఇసుకను జల్లించేయడం. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా పంటికి తగులుతుంది కాబట్టి జల్లెడ రెండుసార్లు పట్టండి.

పూర్తిగా చల్లారాకే పొడి. ఈ గింజ మిరియం కన్నా చాలా గట్టిది. మిక్సీ చిన్న జార్‌లో ఒకసారికి 50 గ్రాములే వేసి, 15 సెకన్లు తిప్పి ఆపుతూ పట్టండి. జల్లించి, మొరం మళ్లీ వేయండి. ఆపకుండా తిప్పితే మోటారు వేడెక్కుతుంది, పొడిలోని నూనె బయటికొచ్చి అంటుకుంటుంది. తిరగలి ఉంటే అంతకన్నా మంచిది లేదు. గాజు సీసాలో పోసి, చీకట్లో పెట్టి, మూడు నెలల్లో వాడేయండి. ఎక్కువ రోజులు కావాలంటే వేయించిన గింజగానే ఉంచి, కావలసినప్పుడు పట్టుకోండి.

మొదటిసారి అర టీ స్పూను మించొద్దు. కడుపుకు పడిందని తేలాక, ఒక గ్లాసు నీళ్లకు ఒకటిన్నర టీ స్పూను పొడి వేసి రెండు నిమిషాలు మరిగించి వడకడితే డికాక్షన్ వస్తుంది. కాఫీ, వేయించిన బాదం, కాస్త చాక్లెట్ కలిసినట్టుంటుంది, కెఫీన్ ఉండదు. పాలు, బెల్లం దీనికి చక్కెర కన్నా బాగా కుదురుతాయి. వడకట్టగా మిగిలిన మెత్తటి మొరాన్ని పారేయకండి, గోధుమపిండిలో కలపండి. రొట్టె, కేకు పిండిలో పొడి నూటికి 5 నుంచి 10 పాళ్లు మించితే ముక్క నిలవదు, పొడిపొడిగా రాలుతుంది, దీనిలో గోధుమకున్న సాగే గుణం లేదు. సున్నుండలకు పావుకిలో మినప సున్నికి రెండు టీ స్పూన్లు కలిపి చూడండి, నెయ్యి వేడిగా ఉండగానే కలిపితే వాసన పడుతుంది.

గింజను దేశం దాటించవద్దు

సెలవులకు ఊరొచ్చేటప్పుడు నాలుగు గింజలు తెచ్చి రాయలసీమ మెట్టలో వేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన రావడం సహజం. వద్దు. భారతదేశానికి విత్తనం తేవాలంటే 2003 మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతీ, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రమూ కావాలి. చట్టం సంగతి పక్కన పెట్టినా, సర్కారు తుమ్మ మన చెరువుల్లో ఏం చేసిందో ఎదురుగా కనిపిస్తోంది, నీలగిరుల్లో బ్లాక్ వాటిల్ కొండ గడ్డినేలలను మింగింది. మెట్టకు తగిన మొక్కలు మనకున్నాయి, తంగేడు, సండ్ర, నల్ల తుమ్మ. తుమ్మ గింజ అటు తీసుకెళ్లడం కూడా అంతే తప్పు.

పొద ముసలిదయ్యాక

పదో ఏడు దాటాక కాపు తగ్గి, నడుమ ఎండుకొమ్మలు పెరిగితే కొత్త నారు పోసే సమయం వచ్చినట్టు. అన్నీ ఒకేసారి తీసేయకండి, మూడింట ఒకటి చొప్పున మూడేళ్లలో మార్చండి, ఏ ఏడాదీ కాపు లేకుండా పోదు. చుట్టూ లేచిన పిలకల్లో తిన్నగా, బలంగా ఉన్నదాన్ని ఒక్కటి ఉంచి మిగతావి కొట్టేస్తే గింజతో పని లేకుండానే కొత్త పొద తయారవుతుంది. కొట్టిన ముళ్లకంపను కాల్చేయకండి. కొత్త నారు చుట్టూ మోకాలెత్తున, కొమ్మల మొదళ్లు లోపలికీ ముళ్లు బయటికీ ఉండేలా వలయంగా పేర్చి, మట్టిగడ్డలతో అదమండి. కుందేలు దాటదు, మేక మూతి పెట్టదు, రెండేళ్లకు అదే పుచ్చి పొడిపొడిగా రాలి పాదులో కలిసిపోతుంది.